ఫోను నడపడం వచ్చు, వెతకడం రాదు

(నల్లగొండలో ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

సార్లకు, మేడంలకు నమస్కారం. పొద్దటి నుంచి ఈ హాల్లో ఒక మాట మస్తుసార్లు వినబడ్డది. "ఫోన్ల సంగతి మనకంటే పిల్లలకే బాగా తెలుసు, వాళ్లకు మనం నేర్పేదేమున్నది" అని. ఆ మాటల సగం నిజమున్నది. ఆ సగం చూసుకొని మిగతా సగం వదిలేస్తున్నం, అందుకే దానితోనే మొదలుపెడత.

"డిజిటల్ నేటివ్స్" అనే పేరును 2001లో మార్క్ ప్రెన్‌స్కీ అనే అమెరికన్ రచయిత ప్రచారంలోకి తెచ్చిండు. ఈ యంత్రాల నడుమ పుట్టి పెరిగిన పిల్లలు వేరే తీరుగ ఆలోచిస్తరు, బడి వాళ్లకు తగ్గట్టు మారాలె అనేది ఆయన వాదం. పేరు బాగా అంటుకున్నది. తర్వాత పరిశోధన చేసినవాళ్లు మాత్రం దాన్ని అంత తేలిగ్గ ఒప్పుకోలేదు. ఫోను చేతిల పెట్టుకొని పెరిగినంత మాత్రాన వెతకడం, పోల్చి చూడటం, దేన్ని నమ్మాల్నో తేల్చుకోవడం వాటంతట అవి రావు. ఒకేసారి రెండు పనుల మీద ధ్యాస పెట్టే శక్తి కూడ ఈ తరానికి కొత్తగ ఏం రాలేదు. పాఠం వినుకుంట రీలు చూస్తే రెండూ పోతయి, మనకైనా వాళ్లకైనా.

మన దేశం లెక్క కూడ ఒకటి చెప్త. అసర్ అనే విద్యా సర్వే 2024 నివేదికల గ్రామీణ ప్రాంతాల 14 నుంచి 16 ఏళ్ల పిల్లలను అడిగిండ్రు. స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చన్నవాళ్లు 82 శాతం పైచిలుకు. ముందు వారంల దాన్ని చదువు పనికి వాడినోళ్లు 57 శాతం, సోషల్ మీడియాకు వాడినోళ్లు 76 శాతం. అంటే చేతికి అలవాటున్నది, ఆ అలవాటు చదువు దిక్కు తిరగలేదు. ఆ తిప్పే పని మనది.

ముందు మీ క్లాసుల ఎవరికి ఏం వచ్చో చూసుకోండి. తొమ్మిదో తరగతిని కంప్యూటర్ ల్యాబుకు తీసుకపోయి 20 నిమిషాలు నాలుగు పనులివ్వండి. తన పేరు, ఊరి పేరు, ఒక వాక్యం తెలుగుల టైపు చెయ్యాలె. ఆ ఫైలును తన పేరుతో దాచి, మూసేసి, మళ్ల తెరవాలె. నల్లగొండ జిల్లాల మండలాలెన్నో వెతికి, ఏ పేజీల దొరికిందో రాయాలె. వెతికినప్పుడు పైన వచ్చిన వాటిల ప్రకటన ఏదో వేలు పెట్టి చూపాలె.

రెండో పని దగ్గరనే చానా మంది ఆగుతరు. ఫోన్ల ఫొటో తీస్తే గ్యాలరీల ఉంటది, వీడియో వస్తే వాట్సాప్‌ల ఉంటది. ఫైలును నేను ఒకచోట పెట్టిన, అది అక్కడనే ఉంటది అనే ఊహ వాళ్లకు ఫోను నేర్పదు. అందుకే "అన్‌టైటిల్డ్" అనే పేరుతో ఒకే ఫోల్డర్‌ల ముప్పై ఫైళ్లు తయారయితయి. టైపింగు దగ్గర మైకు గుర్తు నొక్కి మాట్లాడి పంపే అలవాటు అడ్డమొస్తది. మాట తెరమీదికి వస్తది గని ఒత్తులు, ళకారాలు తప్పు పడితే దిద్దుకోవడం రాదు.

మూడో పని ఇంకా రుచిగ ఉంటది. ఒకరికి 59 అని దొరుకుతది, ఒకరికి 31 అని, ఇంకొకరికి ఇంకో సంఖ్య. కొట్లాడుకుంటరు. కొట్లాడుకోనియ్యండి. 59 ఉమ్మడి జిల్లా లెక్క. 2016 అక్టోబర్ 11న జిల్లాలు విడిపోయినప్పుడు నల్లగొండకు 31 మిగిలినయి. ఆ తర్వాత గట్టుప్పల్ లాంటి కొత్త మండలాలు కలిసినయి. ఎవరూ అబద్ధం రాయలేదు, పేజీలు రాసిన కాలాలు వేరు. "ఈ పేజీ ఎప్పుడు రాసిండ్రు" అని అడగడం ఆ పూట ఒక్కసారి నేర్చుకుంటే పిల్లగాడు మరిచిపోడు.

ఇగ పీరియడు సంగతి. పెద్ద తెర, అదే ఇంటరాక్టివ్ ప్యానెల్, వచ్చినంక మనం చేస్తున్న ముఖ్యమైన తప్పు ఏందంటే, పీరియడు మొదలుకాంగనే దాన్ని ఆన్ చేస్తున్నం. మొదటి ఐదు నిమిషాలు తెర నల్లగనే ఉండనియ్యండి. నోటుబుక్కు తెరిపించి ఐదు ప్రశ్నలు చెప్పండి: నిన్నటి పాఠం నుంచి మూడు, పోయిన వారం నుంచి ఒకటి, పోయిన నెల నుంచి ఒకటి. పుస్తకం చూడకుంట రాయాలె. మార్కులు వెయ్యొద్దు. మార్కులు వేస్తే పక్కోని దాంట్ల చూస్తడు, అప్పుడు గుర్తు తెచ్చుకునే పని జరగదు.

ఎందుకిట్ల అంటే, 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాల కాలేజీ విద్యార్థుల మీద చేసిన ప్రయోగం ఒకటి ఉన్నది. ఒక జట్టు పాఠాన్ని రెండోసారి చదివింది. ఇంకో జట్టు చదివినదాన్ని చూడకుంట రాసింది. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్ల చదివినోళ్లే ముందున్నరు, 81 శాతానికి 75. వారం తర్వాత పెడితే లెక్క తిరగబడ్డది: మళ్ల చదివినోళ్లకు 42 శాతం, చూడకుంట రాసినోళ్లకు 56 శాతం. అప్పటికప్పుడు తేలికనిపించిన చదువు వారానికి నిలవలేదు. వీడియో చూడటం కూడ మళ్ల చదవడం లాంటిదే. చూసినంతసేపు అంత అర్థమైనట్టే ఉంటది. నెట్టుల ఎప్పుడంటే అప్పుడు దొరుకుతది అనే ధీమా ఉన్న పిల్లలకు ఈ ఐదు నిమిషాల పని ఇంకా ఎక్కువ అవసరం.

వీడియో వేస్తే ఆరు నిమిషాలు దాటనియ్యొద్దు. ఆన్‌లైన్ కోర్సులల్ల లక్షలసార్లు వీడియో చూసిన లెక్కలు తీసి 2014లో పరిశీలించిండ్రు. పెద్దోళ్లు, తమంతట తాము చేరినోళ్లల్ల కూడ సగం మంది ఆరు నిమిషాలకు మించి నిలవలేదు. మీ దగ్గర 20 నిమిషాల వీడియో ఉంటే అవసరమైన ముక్క ఎక్కడ మొదలయితదో, ఎక్కడ ఆపాల్నో ముందే కాగితం మీద రాసుకోండి. వెయ్యకముందే ఒక ప్రశ్న బోర్డు మీద రాయండి, దానికి జవాబు కోసం చూస్తరు. నడిమిట్ల రెండుసార్లు ఆపి "తర్వాత ఏమయితది" అని అడగండి. ప్రయోగం వీడియో అయితే మాటలు బందు పెట్టి మీరే చెప్పండి. మన దేవరకొండ పిల్లగానికి ఎక్కడ అర్థం కాదో వీడియోలోనికి తెలువదు.

వీడియోను క్లాసుల నెట్టు మీద వెయ్యకండి. మధ్యల ఆగుతది, ప్రకటన వస్తది, పక్కన అక్కరలేని బొమ్మలు కనబడతయి. బడి పాఠాల కోసం సర్కారు నడిపే దీక్షా యాప్‌ల పాఠాలను ముందే దింపుకోవచ్చు, పాఠ్యపుస్తకంల క్యూఆర్ కోడ్ ఉన్నచోట దాన్ని స్కాన్ చేస్తే ఆ పాఠమే తెరుచుకుంటది. ఐదు నిమిషాల వీడియో మామూలు నాణ్యతల 50 ఎంబీ ఉంటది, పెన్‌డ్రైవ్‌ల ఏడాదికి సరిపడ పాఠాలు పడతయి. కొన్ని ప్యానెళ్లు ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిల ఉన్న పెన్‌డ్రైవును గుర్తుపట్టవు. ఫ్యాట్32 అనే పద్ధతికి ఫార్మాట్ చేసి మార్చుకుంటే ఆ బాధ ఉండదు. మార్చితే అందుల ఉన్నయన్ని చెరిగిపోతయి, ముందు వేరేచోట దాచుకోండి.

తెర మీద అక్షరం సంగతి చిన్నగ అనిపిస్తది గని చానా క్లాసులు అక్కడనే చెడుతున్నయి. వెనక బెంచి ఎనిమిది మీటర్ల దూరంల ఉంటే అక్షరం కనీసం నాలుగు సెంటీమీటర్ల ఎత్తుండాలె. తెలుగుకు పైన గుడులు, కింద ఒత్తులు ఉంటయి కాబట్టి వరుసకు ఎనిమిది సెంటీమీటర్లు పోతయి. 75 అంగుళాల ప్యానెల్ ఎత్తు 93 సెంటీమీటర్లు. అంటే ఎంత కుక్కినా 11 వరుసలు, సుఖంగ చదవాలంటే ఏడు. పుస్తకం పేజీని అట్లనే తెరమీద పెడితే మూడో బెంచి దాటి ఎవరూ చదవరు. తెరమీద బొమ్మ పెట్టండి, మాట మీరు చెప్పండి. తెరమీద రాసిందే మీరు చదివితే పిల్లగాడు మీ వెంట రావాల్నా, తన కండ్ల వెంట పోవాల్నా తెలువక రెండిట్ల వెనకబడతడు.

ఇంకొకటి, ప్యానెల్ పక్కనే సుద్దబోర్డు ఉన్నచోట తాకకముందే గీతలు పడుతున్నయని అంటున్నరు. చాలా ప్యానెళ్లల్ల చుట్టూ చట్రంల కంటికి కనబడని కిరణాలు పోతుంటయి. సుద్దపొడి ఆ చట్రం మీద పేరుకుంటే అది కూడ వేలు లెక్కనే అగుపిస్తది. వారానికొకసారి కరెంటు తీసి, పొడి మెత్తటి గుడ్డతో చట్రం లోపలి అంచు తుడవండి. నీళ్లు కొట్టొద్దు.

ఒక్క ఫోనుతో నలభై మంది జవాబులు తీసుకునే పద్ధతి చెప్త. ప్లికర్స్ అని ఒక యాప్ ఉన్నది. కాగితం మీద ఒక్కో రోల్ నంబరుకు ఒక్కో నల్లటి గుర్తు అచ్చయి ఉంటది, నాలుగు వైపుల ఎ, బి, సి, డి అని చిన్నగ ఉంటది. పిల్లగాడు తన జవాబు పైకి వచ్చేటట్టు కార్డు పట్టుకుంటడు, సారు ఫోను కెమెరా తిప్పితే ఎవరు ఏది పట్టుకున్నరో పడతది. పిల్లల చేతికి ఫోను అక్కరలేదు. 40 కార్డుల సెట్టు, 63 కార్డుల సెట్టు ఊరికెనే దొరుకుతయి. కార్డులను మెరిసే లామినేషన్ చేయిస్తే కిటికీ వెలుతురు పడి కెమెరా చదవదు. మందం కాగితం మీద ప్రింటు తీసి అట్టకు అతికిస్తే చాలు. వేలు నల్ల గుర్తు మీద పడకుంట అంచున పట్టుకోమని మొదటి రోజు నేర్పండి.

కార్డులకన్న ప్రశ్న ముఖ్యం. తప్పు జవాబులు ఊరికెనే పెట్టకండి, ప్రతి తప్పు వెనక ఒక తప్పుడు ఆలోచన ఉండాలె. మైనస్ 3లోంచి మైనస్ 5 తీసివేస్తే ఎంత? ఎ) −8, బి) 2, సి) −2, డి) 8. ఎ పట్టుకున్నోడు రెండో మైనస్‌ను పట్టించుకోలేదు. డి పట్టుకున్నోడు "రెండు మైనస్‌లు కలిస్తే ప్లస్" అని విని మొదటి మైనస్‌ను కూడ మింగేసిండు. సి పట్టుకున్నోనికి దారి తెలుసు, చివర గుర్తు దగ్గర జారిండు. ముగ్గురికి మూడు మందులు. మార్కు వేస్తే ముగ్గురికీ సున్ననే, మనకేం తెలువదు.

జవాబులు వచ్చినంక ఏం చెయ్యాలె? హార్వర్డ్‌ల ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1991 నుంచి నడిపిన పద్ధతిల ఒక కొలత ఉన్నది. సరైన జవాబు 70 శాతం దాటితే రెండు మాటలు చెప్పి ముందుకు పోవాలె. 30 కన్న తక్కువైతే మళ్ల మొదటి నుంచి చెప్పాలె. నడుమ ఉంటే సారు నోరు మూసుకోవాలె. (నవ్వులు) నిజంగనే. వేరే జవాబు పెట్టిన పక్కోనితో రెండు నిమిషాలు వాదించుకోమని చెప్పి, మళ్ల కార్డులు ఎత్తించాలె. మొదటిసారి ఫలితం తెరమీద చూపెట్టొద్దు. చూపెడితే ఎక్కువమంది దిక్కే అందరూ పోతరు, వాదన ఉండదు.

వెతకడం నేర్పే పాఠం ఒకటి మన జిల్లా పేరుమీదనే ఉన్నది. నీళ్లల్ల ఫ్లోరైడ్ తగ్గించడానికి 1970లల్ల నాగపూర్‌ల ఉన్న నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ ఒక పద్ధతి తయారుచేసింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి కలియబెడితే తెట్టె కట్టి అడుగుకు దిగుతది, పైనీళ్లు వడబోసుకోవాలె. దాని పేరే "నల్లగొండ టెక్నిక్". టాంజానియా, కెన్యా, ఇథియోపియాల దాకా పోయింది. పిల్లలతో "మా నీళ్లల్ల ఫ్లోరైడ్ ఎట్ల పోతది" అని పూర్తి ప్రశ్న టైపు చేయిస్తే ఫిల్టర్లు అమ్మేటోళ్లు వస్తరు. "నల్లగొండ టెక్నిక్ ఫ్లోరైడ్ పటిక" అని నాలుగు మాటలు ఇస్తే వేరే వస్తయి. అదే ఇంగ్లిషుల ఇస్తే ఆఫ్రికా దేశాల నివేదికలు కూడ వస్తయి. మూడు వెతుకులాటలు పక్కపక్కన పెట్టి, మొదటి ఐదు ఫలితాలు రాయించండి. ఎవరు రాసిండ్రు, ఎందుకు రాసిండ్రు, ఎప్పుడు రాసిండ్రు, అమ్మేది ఏమన్న ఉన్నదా. ల్యాబుల నెట్టు లేకపోతే ముందే స్క్రీన్‌షాట్లు తీసి ప్రింటు ఇవ్వండి. పాఠం ఏం చెడదు.

ఈ పనిల ఒక పాత అలవాటు తీసెయ్యాలె. వెబ్‌సైటు మంచిదో కాదో ఆ పేజీని పైనుంచి కిందిదాక చదివి చెప్పమనడం మన అలవాటు. స్టాన్‌ఫర్డ్‌ల శామ్ వైన్‌బర్గ్ బృందం చరిత్ర ప్రొఫెసర్లను, విద్యార్థులను, వార్తల నిజానిజాలు తేల్చే వృత్తివాళ్లను పక్కపక్కన పరిశీలించింది. ప్రొఫెసర్లు కూడ అందమైన పేజీకి మోసపోయిండ్రు. వృత్తివాళ్లు పేజీల ఎక్కువసేపు ఉండనే లేదు. కొత్త ట్యాబ్ తెరిచి, ఈ పేజీ నడిపేటోళ్ల గురించి బయటోళ్లు ఏమంటున్నరో చూసిండ్రు.

దీనికి నల్లగొండ పక్కన పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం మంచి సరుకు. గర్భగుడిల పొద్దంతా కదలని నీడ ఉంటదని వాట్సాప్‌ల వీడియోలు తిరుగుతుంటయి, ఎవరికీ అంతుపట్టని రహస్యం అని రాస్తరు. పిల్లలు బయటికి పోయి చూస్తే కాంతి శాస్త్రం చెప్పే వివరణలు దొరుకుతయి: లోపలికి ఎండ నేరుగ రాదు, బయట పడి చెదిరిన వెలుతురు పక్కదారుల నుంచి వస్తది, ఆ దారులు కదలవు కాబట్టి ముందున్న స్తంభం నీడ కూడ కదలదు. అక్కడితో ఆపకండి. చెప్పుల డబ్బా తీసుకొని ఒక పక్కకు కిటికీ కోసి, లోపల పెన్సిల్ నిలబెట్టండి. టార్చి తిప్పితే నీడ తిరుగుతది. కిటికీకి ట్రేసింగ్ పేపరు అతికించి మళ్ల టార్చి తిప్పండి. నీడ దాదాపు ఉన్నచోటనే ఉంటది. అచ్చం గుడి కాదు, సూత్రం అదే. గుడి కట్టినోళ్ల పనితనం మీద గౌరవం పెరుగుతదే గని తగ్గదు.

ఇగ హోంవర్కు. చాట్‌జీపీటీ, జెమినీ వచ్చినంక "నీటి కాలుష్యం గురించి వ్యాసం రాయుము" అనే ప్రాజెక్టుకు విలువ లేదు. ఎఫ్‌ఏ, అంటే ఫార్మేటివ్ అసెస్‌మెంట్, ప్రాజెక్టులు చూడండి, నలభై మందివి ఒకే వరుసల ఉంటయి. యంత్రం రాసిందా అని పట్టే సాఫ్ట్‌వేర్లు నమ్మదగ్గవి కావు, వాటి మాట మీద పిల్లగాన్ని దొంగను చెయ్యొద్దు. ప్రశ్నే మార్చాలె. నీళ్లల్ల ఫ్లోరైడ్ బాధ ఉన్న మర్రిగూడ, నాంపల్లి మండలాల దిక్కు బడి అయితే ఇట్ల ఇవ్వొచ్చు: మీ వాడల బోరు, మిషన్ భగీరథ నల్లా, ఆర్‌ఓ ప్లాంటు, మూడు నీళ్ల నమూనాలు. ప్లాస్టిక్ సీసా, అదే నీళ్లతో మూడుసార్లు కడగాలె. గాజు సీసా వద్దు, ఫ్లోరైడ్ గాజుతో కలుస్తది. సీసా మీద తేదీ, చోటు, పేరు రాయాలె. ఫ్లోరైడ్ పరీక్ష కిట్టుల మందు సారే వెయ్యాలె, అందుల ఆమ్లం ఉంటది. ఫ్లోరైడ్ పెరిగినకొద్దీ గులాబీ రంగు తగ్గి పసుపుకు తిరుగుతది. రంగు అట్టతో పోల్చేది పగటి వెలుతురుల, ట్యూబులైటు కింద తప్పు చదువుతరు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగొద్దు.

ఇక్కడ ఒక పొరపాటు దాదాపు ప్రతి ఊర్ల ఉన్నది. ఆర్‌ఓ ప్లాంటు మీద టీడీఎస్ మీటరు సంఖ్య చూపి "ఫ్లోరైడ్ లేదు" అంటరు. టీడీఎస్ మీటరు కరిగిన లవణాలన్నిటిని కలిపి అంచనా కడతది, అందుల ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు. కాగబెడితే పోతదన్నది కూడ తప్పే, నీళ్లు ఆవిరై మిగిలినదాంట్ల ఇంకా చిక్కనయితది. ఈ రెండూ పిల్లలు తమ కొలతలతో పట్టుకుంటే అది ప్రాజెక్టు.

లెక్కలను ముందు గ్రాఫు కాగితం మీద చేతితో గీయించి, తర్వాతనే కంప్యూటర్‌ల వేయించండి. స్ప్రెడ్‌షీటు తనంతట తాను అడ్డం, నిలువు గీతల కొలత ఎంచుకుంటది, నిలువు గీత సున్న నుంచి మొదలుకాకపోతే చిన్న తేడా గుట్టంత కనబడతది. చేతితో గీసిన పిల్లనే దాన్ని పట్టుకుంటది. చివర పిల్లగానితో రెండు నిమిషాలు మాట్లాడాలె: ఈ సీసా ఎక్కడిది, ఈ సంఖ్య ఎందుకు పెరిగింది. రోజుకు ఐదుగురైతే పది నిమిషాలు, నలభై మంది ఎనిమిది రోజులల్ల అయిపోతరు. వ్యాసాలు దిద్దే టైం కన్న తక్కువ.

చాట్‌బాట్‌ను దాచిపెట్టాల్సిన పని లేదు. నాగార్జునసాగర్ గురించి ఒక పేజీ రాయమని అడిగి ప్రింటు తీసి ఇవ్వండి, తప్పులు వెతకమనండి. సరిచూడటానికి గట్టి సంఖ్యలున్నయి: శంకుస్థాపన 1955 డిసెంబర్ 10, కాలువలకు నీళ్లు వదిలింది 1967 ఆగస్టు 4, క్రస్ట్ గేట్లు 26, పూర్తి మట్టం 590 అడుగులు. అది అన్నీ సరిగ్గ రాసినా నష్టం లేదు, సరి చూసుకునే పని జరిగింది కదా.

తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపు గురించి తొందరగ చెప్త. ఇంట్ల ఒక్కటే ఫోను ఉంటది, అది నాయిన వెంట పనికి పోతది, రాత్రి ఎనిమిదికి గని పిల్ల చేతికి రాదు. పాలమూరు దిక్కు అమ్మనాయినలు ముంబై, పుణెకు పోయిన ఇండ్లల్ల నానమ్మ దగ్గర బటన్ ఫోనే. అందుకని గ్రూపుల పెట్టిన ప్రతిదీ బోర్డు మీద కూడ ఉండాలె. పెద్ద పీడీఎఫ్‌ల కన్న మూడు నిమిషాల ఆడియో మేలు. మార్కుల లిస్టు, పిల్లల ఫొటోలు అందరికి కనబడేటట్టు పెట్టొద్దు. 2023 నాటి డిజిటల్ డేటా చట్టంల 18 ఏండ్ల లోపు అందరూ పిల్లలే, కొత్త యాప్‌ల పేర్లు నమోదు చేసేటప్పుడు తల్లిదండ్రులను అడగండి. ఫోన్ల డబ్బులు పోతే 1930, పిల్లలకు ఆపద వస్తే 1098. ఈ రెండు నంబర్లు గోడ మీద పెద్దగ రాయించండి.

ఒక మేడం చీటీ పంపిండ్రు: "మా పాత ప్రశ్నపత్రాలన్ని డీటీపీల అను ఫాంటుల ఉన్నయి. యాప్‌ల పెడితే పిచ్చి గీతలు వస్తున్నయి, ఏం చెయ్యాలె?" అను ఫాంటు యూనికోడ్, అంటే ఏ ఫోన్లనైనా తెలుగుగనే అగుపించే పద్ధతి, కాదు మేడం. కంప్యూటర్‌కు అది ఇంగ్లిషు అక్షరాలే, ఫాంటు ఉన్నచోట మాత్రమే తెలుగు లెక్క అగుపిస్తది. అందుకే అందుల వెతకరాదు, ఫోన్ల కనబడదు. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు నెట్టుల దొరుకుతయి. ఫాంటు వెర్షన్ ఏదో, ఆరా ఏడా, సరిగ్గ ఎంచుకోండి, లేకుంటే ఒత్తులు తారుమారయితయి. మార్చినంక అంకెలు, మైనస్ గుర్తులు, క్రారవడులు ఒకసారి కండ్లతో చూసుకోండి. కొత్త పేపర్లు మొదటి నుంచి యూనికోడ్‌లనే కొట్టించండి.

కార్డుల ప్రింట్లు ఆ బల్ల మీద ఉన్నయి, బడికొక సెట్టు తీసుకోండి. లెక్కల సార్లు, సైన్సు మేడంలు చాయ తర్వాత ఈ హాల్లనే కూర్చుంటే తప్పు జవాబులు ఎట్ల తయారుచెయ్యాల్నో తలా మూడు ప్రశ్నలు రాసి చూద్దం.